నాలుగు నిమ్మకాయలు

డ్రైవరు అక్కర్లేని కొత్త కారు. పూజకు ముహూర్తం ఇంకా పది నిమిషాలే ఉంది. పంతులుగారు వచ్చాక ఆలస్యం కాకూడదని విశాలాక్షి ముందే నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టేసింది. అంతలో ఫోను మోగింది.

"అమ్మా, నా బండి మీ వీధిలోకి రానంటోంది. అక్కడేదో అడ్డముందని మీ కారు ఊళ్ళో బండ్లన్నిటికీ చెప్పేసిందట. రెండుసార్లు ఊరంతా తిప్పింది నన్ను!"

"అవి నిమ్మకాయలండీ పంతులుగారూ, నిమ్మకాయలు!" అంటూ విశాలాక్షి తల పట్టుకుంది. విసవిసా వెళ్ళి నాలుగూ ఏరి కొంగులో వేసుకుంది.

రెప్పపాటులో వీధిలోకి బండ్లు బిలబిలమంటూ వచ్చాయి. పంతులుగారు దిగి, గబగబా మంత్రాలు చదివి, హారతిచ్చి, వాచీ చూసుకున్నారు.

"ఇంకొక్క నిమిషమే ఉందమ్మా. త్వరగా ఆ నిమ్మకాయలు పెట్టండి, కారు వాటిని తొక్కాలి."