కలవని ఎర్రగీత

మూడో రోజు కూడా ఎర్రగీత కలవలేదు.

పైలట్ సీట్లో నేను కర్ర కదిపితే హెలికాప్టర్ రెక్కల వాలు మారుతుంది. ఆ కదలికను రెక్కల దాకా మోసేవి సన్నటి కడ్డీలు. వాటి నట్లు బిగించాక మెకానిక్ ఒక్కోదాని మీదుగా కడ్డీ దాకా ఎర్రరంగుతో గీత గీస్తాడు. గీత రెండు ముక్కలై కలవలేదంటే ఎవరో నట్టు తిప్పినట్టే.

రెండు రోజులుగా ఏదో వంక చెప్పి నేను ఎగరలేదు.

షెడ్డు తాళంచెవులు రెండే. ఒకటి నాది, రెండోది మెకానిక్‌ది. ఆ మెకానిక్ మా మేనమామే. నా కళ్ళలోకి చూసి మాట్లాడటం మానేసి వారమైంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. చూద్దామని పొద్దున్నే వెళ్ళి డ్రమ్ముల వెనక నక్కాను.

మావయ్య వచ్చాడు. నట్టు విప్పాడు, బిగించాడు, చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఐదు నిమిషాలకే మళ్ళీ వచ్చి అదే నట్టుకు పానా తగిలించాడు.

"మావయ్యా! నా ప్రాణాలతో ఆటలా?"

ఆయన ఉలిక్కిపడలేదు. "బిగించానో లేదో గుర్తుండట్లేదే తల్లీ."

"మరి గీత మళ్ళీ గీయలేదేం?"

"గీసేస్తే నువ్వొచ్చి పట్టుకోవుగా. నా నోటితో చెప్పుకోలేకపోయా," అంటూ తన తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు.