అక్క దగ్గరున్న టేపు

నాన్న నిజంగానే మళ్ళీ వెళ్ళాడా?

దర్జీ కూతుర్ని చిన్నప్పటినుంచీ తొలుస్తున్న అనుమానం అది.

మేనత్తకి మతి చెదిరిందని నాన్నే తీసుకెళ్ళి పిచ్చాసుపత్రిలో చేర్పించాడు. వదిలి వస్తుంటే ఆవిడ ఆయన మెడలోని కొలతల టేపు లాక్కుంది.

"ఇది నా దగ్గరుంటుందిరా. దీనికోసమైనా వస్తావు."

వెళ్ళాననే అంటాడు నాన్న. ఎన్నిసార్లు వెళ్ళినా చూడనివ్వలేదనీ, గేటు దగ్గర్నుంచే తిప్పి పంపారనీ. కొన్నాళ్ళకి ఆసుపత్రే మూసేశారు, ఆవిడ ఎటు వెళ్ళిందో తెలియలేదు.

అప్పట్నుంచీ ఆయన ముళ్ళు వేసిన తాడుతోనే కొలతలు తీశాడు. కొత్త టేపు కొనుక్కోమంటే, "నాది అక్క దగ్గరుంది" అనేవాడు.

ఇప్పుడు మంచం పట్టాడు.

"అక్క నన్ను తిట్టుకుంటూనే పోయిందేమోనే. కాస్త కనుక్కో తల్లీ" అని ఒకటే పోరు.

కనుక్కోవడం అంత తేలికా?

ఆ ఆసుపత్రిలో ఇప్పుడు పాత రికార్డుల ఆఫీసుంది. బోర్డు మారింది. కిటికీల ఊచలు మారలేదు.

దరఖాస్తు ఇస్తే జిరాక్సు ఏదన్నారు. జిరాక్సు ఇస్తే స్టాంపు లేదన్నారు. స్టాంపు వేయించుకొస్తే, "ఆవిడ మీ మేనత్తేనని రుజువేమిటి?" అన్నారు.

"ఆవిడ ముక్కే నా ముక్కు. జిరాక్సు తీయించి తేనా?" అని నోటిదాకా వచ్చింది.

రోజూ పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకునేది. అత్తని ఎరిగిన మనిషి ఒక్కరైనా ఎదురుపడేట్టు చూడు స్వామీ అని. ఆయన విన్నట్టే లేడు.

వీటికి తోడు ఆ ముసలాయన.

ఎంత పెందలాడే వచ్చినా వరసలో ఆమెకంటే ముందు ఆయనే. మాసిన చొక్కా, ఉబ్బిన జేబు, దాని మీద అదిమిపెట్టిన చెయ్యి. కౌంటర్ దగ్గరికి చేరితే ఇక కదలడు. గుమస్తాతో గొణుగుతూనే ఉంటాడు.

కాళ్ళు పీకి చావడమే వెనకాలవాళ్ళ పని.

అక్కడితో ఆగితే బాగుండు. వరసలో ఉన్నవాళ్ళందర్నీ ఆరాలు.

"ఎవరి కోసం వచ్చారమ్మా?" అని ఓ రోజు ఆమెనీ అడిగాడు.

ఆ వరసలో ఎవరూ ఎవరికీ చెప్పుకోని సంగతి అది.

"మావాళ్ళ కోసం."

"మీ నాన్నగారు ఏం చేసేవారు?"

"జడ్జి. ఏం, మీకేమైనా కేసుందా?"

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. ముసలాయన కూడా నవ్వాడు.

"లేదులేమ్మా. ఊరికే అడిగాను" అని తల తిప్పుకున్నాడు.

ఆ మర్నాడు ఎండ మండిపోతోంది. ఫ్యాను తిరగడం లేదు. ముసలాయన మళ్ళీ కౌంటర్ని పట్టుకుని వేలాడుతున్నాడు.

"ఎన్నిసార్లు చెప్పాలయ్యా?" గుమస్తా విసుక్కున్నాడు. "రక్తసంబంధం ఉంటేనే ఫైలు చూపిస్తాం. రూలది."

"ఫైలు వద్దు బాబూ. అందులో ఉన్న అడ్రసు ఒక్కటీ..."

ఇక ఆమెకి ఒళ్ళు మండింది.

"రూలు రూలే కదండీ. చుట్టమూ కానివాళ్ళు, పక్కమూ కానివాళ్ళు ఇలా పట్టుకుని కూర్చుంటే మాలాంటివాళ్ళం ఏమైపోవాలి? పక్కకి జరగండి."

ముసలాయన జేబు అదిమిపట్టుకుని జరిగాడు.

ఆమె గుమస్తా చేతిలో కాగితాలు పెట్టింది. వచ్చేవారం రమ్మన్నారు.

వచ్చేవారం వరసలో ముసలాయన లేడు. అమ్మయ్య అనుకుంది.

గుమస్తా ఫైలు తెచ్చాడు. దుమ్ము దులిపి అట్ట మీది పేరు చదివాడు. ఆమె ముఖంలోకి చూశాడు.

"మీరా ఈవిడ తాలూకు? మీ నాన్నగారు దర్జీయా?"

"అవును."

"మీ ముందు నించునేవాడే, ఆ పెద్దాయన. ఆయనా ఈ ఫైలే అడిగేవాడమ్మా."

ఆమె చప్పున వెనక్కి తిరిగి వరసంతా చూసింది.

"నంబర్లు చూస్తాం గానీ పేర్లు కలిపి చూసే తీరిక ఎవరికుంది?" అన్నాడు గుమస్తా సొరుగు లాగుతూ. "ఇక తిరగలేను, ఆమె తరఫువాళ్ళు ఎవరైనా వస్తే ఇవ్వండి అని ఇది ఇచ్చి వెళ్ళిపోయాడు."

చిన్న గుడ్డసంచి. లోపల చుట్టచుట్టిన టేపు. అంకెలు సగం చెరిగిపోయాయి. చిరిగిన చోటల్లా సన్నగా కుట్టి ఉంది.

"తమ్ముడు గేటు దాకా రావడం ఆవిడ పై కిటికీలోంచి చూసేదట. వచ్చినప్పుడల్లా. ఆ మాట దర్జీగారి చెవిన వెయ్యాలని ఆయన తాపత్రయం."

"ఆయనకెలా తెలుసు?"

"ఆయనా ఇక్కడి రోగేనట. ఆసుపత్రి మూసేశాక ఆవిడ పోయేదాకా ఇద్దరూ ఒక ఇంట్లోనే ఉన్నారు. పెళ్ళి కాగితం ఏదయ్యా అంటే, లేదన్నాడు."

"ఆయన అడ్రసు ఇవ్వండి. ఇప్పుడే వెళ్తాను."

గుమస్తా కళ్ళజోడు సర్దుకున్నాడు.

"మీరు ఆయనకి రక్తసంబంధమా?"

అందులో ఎగతాళి లేదు. రూలే అడిగాడు.

ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చుని, కౌంటర్ దగ్గర తనన్న మాటలూ, ముసలాయన వెళ్ళిపోయిన సంగతీ తప్ప అన్నీ నాన్నకి చెప్పింది.

ఆయన టేపుని కొస నుంచి కొస దాకా వేళ్ళతో తడిమాడు. కుట్టు తగిలిన ప్రతిచోటా ఆగాడు.

"చూసిందా? నన్ను చూసిందటా?"

"వెళ్ళినప్పుడల్లా చూసిందట నాన్నా."

తలగడ కింద నుంచి ముళ్ళ తాడు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇక ఇది అవతల పారెయ్. అక్క నా టేపు నాకిచ్చేసింది."

టేపు మెడలో వేసుకుని, గుమ్మం వైపు చూస్తూ అడిగాడు: "మరి ఇంత శ్రమపడి తెచ్చిన మా బావని బయటే నిలబెట్టేశావేమే?"