టోపీ మడత

"ఈ టోపీల కొంప ముంచిందెవరు?"

పెద్ద మేడమ్ కేకకి నర్సింగ్ స్కూలు వరండా సద్దుమణిగింది. రిటైరై పదేళ్లయినా ఆవిడ గొంతులో పదును తగ్గలేదు. చేతిలో ఉండాల్సింది పాతకాలపు నర్సు టోపీ. ఉన్నది పలకలా సాపైన గుడ్డముక్క. బల్ల మీద ఇంకో పదకొండు అలాంటివే.

టీచరమ్మకి ఏడుపొక్కటే తక్కువ. ఏడాదిగా రిటైరైన నర్సుల ఇళ్లచుట్టూ తిరిగి, పెట్టెల అడుగు నుంచి ఏరి తెచ్చిన టోపీలవి. మరకలు పోతాయని లాండ్రీకి వేసింది. అవి కుట్టినవి కావనీ, గంజి గుడ్డని మడిచి చేసినవనీ ఆమెకేం తెలుసు! గంటలో ప్రిన్సిపాల్ వస్తారు. టోపీలు నచ్చితే ఈ గది మ్యూజియం, లేకపోతే విరిగిన మంచాల కొట్టు.

"మీరున్నారుగా మేడమ్, మడిచేయండి."

"నేనా? కళ్లజోడు తేలేదు. పైగా వేళ్ల నొప్పులు." మేడమ్ కుర్చీలో కూలబడింది. "మా రోజుల్లో టోపీ సొంతంగా మడవలేని పిల్లని వార్డు గుమ్మం తొక్కనిచ్చేదాన్నా!"

చీవాట్లు తినడానికి, మేడమ్ కాలం నుంచీ స్కూలు బట్టలుతికే లాండ్రీ తాత వచ్చాడు.

"ఉతికి ఇస్త్రీ చెయ్యమని చీటీ రాశారు. మడవమని రాయలేదుగా తల్లీ?"

ఓ గుడ్డ తీసి తడిచెయ్యి అద్దాడు. అంచు వెనక్కి తిప్పి, కొసలు కలిపి పిన్ను గుచ్చాడు. టోపీ లేచి కూర్చుంది. అరగంటలో పన్నెండూ తయారు, ఏ బ్యాచ్ మడత ఆ బ్యాచ్‌దే.

టీచరమ్మ నోరు తెరిచింది. "ఎలా వచ్చు తాతా?"

"ఉతికేముందు విప్పేది నేనేగా! విప్పుతూ పట్టేశాను. మేడమ్ గారు వెనక్కి పంపిన పిల్లలంతా ఏడుస్తూ నా దగ్గరికే వచ్చేవారు. పాపమని మడిచిచ్చేవాణ్ణి."

ఇంకేముంది, తాత పని అయిపోయిందనుకుంది టీచరమ్మ. మేడమ్ మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ప్రిన్సిపాల్ వచ్చారు, ఒక్కో టోపీ దగ్గరా ఆగి చూశారు, గది తాళంచెవి టీచరమ్మ చేతిలో పెట్టారు. ఆమె సంతోషం పట్టలేక అట్టముక్క తీసి 'ఈ విద్యని కాపాడినవారు' అని రాసి, పెద్దావిడ కదా అని కింద మేడమ్ పేరు మొదలుపెట్టింది.

మేడమ్ చటుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది.

"నా పేరు కాదే పిల్లా, తాత పేరు రాయి. ముప్పై ఏళ్లూ నా టోపీ మడిచింది కూడా ఆయనే."