ఎముక వెనక పొర

మీరే పంపారు ఆ పిల్లని. కృష్ణప్రసాద్, అరుంధతి, చక్రధర్, మీ లంచ్ బల్ల మొత్తం. మాకేం తెలియదని ఇప్పుడు చేతులు దులుపుకుంటే కుదరదు.

రెండువేల ఏడు సెప్టెంబర్. చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకు ఆఫీసు. ప్రాజెక్టులు వచ్చిపడుతున్న రోజులు. ఇండియా నుంచి నెలకో బ్యాచ్ దిగేది. దిగిన ప్రతి మనిషినీ మీ బల్ల దగ్గర కూర్చోబెట్టి అడిగేవారు. ఏ ఊరు? ఊళ్ళో ఎటువైపు? ఇంటిపేరేంటి?

అందరికన్నా ముందు అడిగేది టీమ్ లీడ్ రాజారావు. మగపిల్లలైతే భుజం మీద చెయ్యి వేసి, చొక్కా కింద జంధ్యం తగులుతుందేమోనని తడిమేవాడు. తను మాత్రం రోజూ స్టీలు డబ్బాలో పెరుగన్నం. గుడ్డు కూడా ముట్టడు.

కిందటేడు బ్యాచ్‌లో వచ్చిన ఉదయ్‌కిరణ్ కులం సంగతి కనిపెట్టి బల్ల మీద పెట్టింది కూడా ఆయనే. ఉదయ్‌ని ఎవరూ ఏమీ అనలేదు. పక్క కుర్చీలు ఖాళీ చేశారు, అంతే. ఉద్యోగం కన్ఫర్మేషన్ రాలేదు. పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నిఖిల. వచ్చి రెండు నెలలు. ఆమె కన్ఫర్మేషన్ మీద సంతకం పెట్టాల్సింది రాజారావే. క్లెమెంటిలో ఆమె ఉండే గది భానుమతి ఆంటీది. 'మనవాళ్ళకి' తప్ప ఇవ్వని గది. ఊళ్ళో ఎటువైపని అడిగితే రామాలయం వీధి అని చెప్పింది నిఖిల. అబద్ధం. ఆమెది పేట. ఆదివారం గొడ్డుకూర ఉడికే పేట.

అప్పుడే మేనేజర్ నాథన్ వచ్చి అడిగాడు. ఆయన యూదుడు. వాళ్ళ కొత్త సంవత్సరం విందుకి ఇరవై మంది వస్తున్నారు, భార్య చెయ్యి విరిగింది, వంటలో సాయానికి ఎవరైనా వస్తారా అని. వండాల్సింది గొడ్డు పక్కటెముకలు.

ఆయన వెళ్ళగానే బల్ల దగ్గర నవ్వులు.

"నిఖిలని పంపుదాం" అన్నాడు కృష్ణప్రసాద్. "కత్తి పట్టే తీరులోనే తెలిసిపోద్ది."

"పాపం, వాంతి చేసుకుంటుందేమో" అంది అరుంధతి.

"చేసుకుంటే మన పిల్లే" అన్నాడు చక్రధర్.

రాజారావు డబ్బా మూత పెట్టాడు. "నేనూ వెళ్తాను. దగ్గరుండి చూస్తాను."

నాథన్ ఇంట్లో ఆయన భార్య మిరియం, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, నిఖిలకి ఒక్కొక్కటే చెప్పింది.

"ఈ గిన్నెలే వాడు. పాలకి వాడేవి ఆ అల్మారాలో ఉన్నాయి, వాటి జోలికి వెళ్ళకు. మాంసంలో వెన్న పడకూడదు, పెరుగు పడకూడదు. ఉప్పు రుచి చూసి వెయ్యి. మా నియమం ప్రకారం కోసిన కోషర్ మాంసం కదా, ఉప్పు పట్టించి కడిగాకే అమ్ముతారు."

పొయ్యి మాత్రం తనే ఎడం చేత్తో వెలిగించింది. "మంట మావాళ్ళే ముట్టించాలి. ఏమనుకోకు."

"అనుకోను మేడమ్" అంది నిఖిల. ఎవరు ఏది ముట్టకూడదో ఆమెకి కొత్తగా నేర్పక్కర్లేదు.

"ఏటా మెత్తటి ముక్క తెచ్చేదాన్ని. ఈసారి ఎముకలే దొరికాయి. నాకూ కొత్తే. చెడిందంటే మా అత్తగారు మళ్ళీ కొత్త సంవత్సరం దాకా అంటూనే ఉంటుంది."

నిఖిల ఎముకల్ని తిరగేసింది. వెనక తెల్లటి పొర. అది తీయకపోతే ఎంత ఉడికినా తోలులా సాగుతుంది. కత్తి మొనతో అంచు లేపి, వేలు దూర్చి, ఒక్క లాగు. ఏడేళ్ళప్పుడే నాయనమ్మ నేర్పింది. కత్తి దానంతటదే అంచు కిందికి పోయింది.

తలెత్తింది. గుమ్మంలో రాజారావు.

ఎప్పుడొచ్చాడో. చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఆగావేం?"

"ఎలా చెయ్యాలో తెలీక సార్."

"తెలీదూ?"

"మా ఇంట్లో గుడ్డు కూడా ఉడకదు సార్."

ఆయన ఆమెను చూడటం లేదు. కోసే చెక్క మీది ఎముకల్నే చూస్తున్నాడు. గొంతు పైకీ కిందికీ కదిలింది. కోపం మింగుతున్నాడనుకుంది నిఖిల.

హాల్లో ఫోన్ మోగింది. మిరియం లేచి వెళ్ళింది. రాజారావు లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"ఊళ్ళో ఎటువైపన్నావు?"

"రామాలయం వీధి సార్."

"ఆ వీధి పిల్లలు కత్తి అలా పట్టరు."

నిఖిల కత్తి కింద పెట్టేసింది. రేపు బల్ల దగ్గర తన పక్క కుర్చీలు ఖాళీ. భానుమతి ఆంటీ గుమ్మం బయట తన పెట్టె. మిరియం విందు చెడితే చెడనీ, సంతకం పడితే చాలు. పొర తీయకుండానే ఎముకలెత్తి గిన్నెలో వెయ్యబోయింది.

రాజారావు గిన్నెకి చెయ్యి అడ్డం పెట్టాడు. ఒకసారి తలుపు వైపు చూశాడు. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచాడు.

"గడియ పెట్టి ఆ కత్తి ఇటియ్యమ్మాయ్, బొమికల ఎనక పొర తీకుండా ఎసట్లో ఏస్తే మాయమ్మ గరిటె తిరగేసేది."