పేరు లేని పిల్ల

"పాప పేరు చెప్పండమ్మా" అంది బడి హెడ్మిస్ట్రెస్.

"చిట్టి" అంది తల్లి.

"ముద్దుపేరు కాదండీ. అసలు పేరు."

"అదే లేదండి."

హెడ్మిస్ట్రెస్ నవ్వింది. తల్లి నవ్వలేదు. పక్కనే నిలబడ్డ అత్తగారూ నవ్వలేదు. చేసేది లేక చిట్టి అనే రాసుకున్నారు.

ఆ ఇంట్లో పోయినవాళ్లు ఒక్కసారి తిరిగొస్తారు. ఎప్పుడొస్తారో తెలీదు. పట్టపగలే వచ్చి, గుమ్మం అవతల నిలబడి, ప్రాణంగా చూసుకున్నవాళ్లను అసలు పేరు పెట్టి పిలుస్తారు. ముద్దుపేర్లు వాళ్ల నోట రావు. పలికినవాళ్లు మర్నాడు పొద్దు చూడరు. తాతల కాలం నుంచీ ఇదే వరస.

"పగబట్టి కాదమ్మా, బెంగపెట్టుకుని పిలుస్తారు" అనేది అత్తగారు. "అందుకే పలక్కుండా ఉండలేం."

కోడలు కొత్తలో కొట్టిపారేసింది. ఆమెది కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే పని. కంటికి కనిపించనిదాన్ని నమ్మే రకం కాదు.

భర్త దుకాణాలకు బోర్డులు రాసేవాడు. చిట్టి ఉయ్యాల్లో ఉన్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం బ్రష్షులు కడుక్కుంటూ "ఆఁ, వస్తున్నా!" అని వీధిలోకి కేకేశాడు.

"ఎవరండీ?"

"అన్నయ్య..." అంటూనే ఆగిపోయాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. వాళ్లన్నయ్య పోయి అప్పటికి ఏడాది దాటింది.

సాయంత్రానికి ఒళ్లు పెనంలా కాలిపోయింది. ఆ జ్వరమేమిటో డాక్టరుకు అంతుపట్టలేదు. తెల్లారేసరికి ఇల్లు బోసిపోయింది.

ఆ తర్వాత అత్తగారికన్నా కోడలే మొండికేసింది. పిల్లకు పేరు పెట్టనివ్వలేదు. చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు.

"పేరుంటే కదా పిలిచేది!" అని తెగేసి చెప్పింది.

చిట్టి, బుజ్జి, కోతి, పిడుగు... నోటికేదొస్తే అదే పిలుపు. పిల్ల తుమ్మినా తల్లి గుండె జారిపోయేది. ఏళ్లు గడిచాయి. గుమ్మంలోకి ఎవరూ రాలేదు.

"నా మనవరాలు గట్టెక్కిందే" అంది అత్తగారు ఒకరోజు కళ్లు తుడుచుకుంటూ.

ఇవాళ బడికి సెలవు. కోడలు గిన్నెలు తోముతోంది. వాకిట్లో ఆడుకుంటున్న చిట్టి లోపలికి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, నాన్నొచ్చాడు! అచ్చం ఫొటోలోలాగే ఉన్నాడు."

తల్లి చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి.

"పిలిచాడా?"

"పిలిచాడు. నన్ను కాదులే. ఎవరి పేరో."

అత్తగారు మనవరాలిని గభాలున ఒళ్లోకి లాక్కుంది. "హమ్మయ్య! పేరు తెలీక ఎవర్నో పిలిచి పోయాడు నా పిచ్చితండ్రి."

"కానీ ఆ పేరు భలే ఉంది నానమ్మా! వినగానే నాదే అనిపించింది. ఆఁ అనేశాను. నాన్న ఎంత నవ్వాడో!" అంటూ చిట్టి ఆ పేరు చెప్పింది.

"అలాంటి పేరు మనింట్లో ఎవరికీ లేదే" అంది అత్తగారు. అంతలో పిల్ల నుదురు నిమరబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇదేమిటే, ఒళ్లిలా కాలిపోతోంది?"

ఆ పేరు కోడలికి తెలుసు: "పిల్లకి ఏ పేరు పెడదామనుకున్నావే, అదన్నా విని పోతాను" అని ఆ జ్వరం రాత్రి భర్త బతిమాలుకుంటే, ఎవరికీ వినబడకుండా అతని చెవిలో ఆ పేరు చెప్పింది తనే.