లేదని రాసుకోండి

"మా దగ్గర కడుపుతో ఉన్నవాళ్లెవరూ లేరు. అందరికీ లేదని రాసుకోండి," అంది సూపర్‌వైజరమ్మ, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని. కుట్టుమిషన్ల నూనె వాసన ఈ మధ్య ఆవిడకు గిట్టడం లేదు.

నర్సమ్మ డబ్బా మూత తీయలేదు. "బోదకాలు రాకుండా ఇచ్చే మాత్రలమ్మా. కడుపుతో ఉంటే వేయకూడదు. ఒక్కొక్కరినీ అడగాలి, నా కళ్లముందే మింగించాలి."

"అయితే నా ముందే అడగండి. జాబితా యజమానిగారు చూస్తారు." కుర్చీ బల్ల పక్కకు లాక్కుని కూర్చుంది.

వరుస చివర గుండీలు కుట్టే అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసింది. ఆమెకు మూడో నెల. అవునంటే పని పోతుంది. పోయిన నెల కాలర్లు కుట్టే అక్కను ఇలాగే సాయంత్రానికల్లా ఇంటికి పంపేశారు. లేదంటే మాత్ర మింగాలి. సంగతి తెలిసింది ఊడ్చే అవ్వ ఒక్కతెకే. పొద్దున వాంతి చేసుకుంటుంటే వీపు నిమిరింది ఆవిడే.

ఆ అవ్వ చీపురు గోడకు ఆనించి, అందర్నీ తోసుకుంటూ ముందుకొచ్చింది. వెనక్కి తిరిగి ఒకసారి కళ్లెగరేసింది.

"నిన్ను అడగక్కర్లేదులే అవ్వా," అని నవ్వింది నర్సమ్మ.

"ఎందుకడగవు? నాకు మూడో నెల."

గదంతా గొల్లున నవ్వింది.

"అరవయ్యేళ్లకా!" కస్సుమంది సూపర్‌వైజరమ్మ.

"నా కడుపు సంగతి నీకేం తెలుసమ్మా?"

అవ్వ వెనకాల నిలబడ్డ ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నాకూ మూడో నెలే" అంది. ఇస్త్రీ చేసే వదిన తనకు కవలలేమోనని అనుమానం వెలిబుచ్చింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్న ఆవిడ కూడా సిగ్గుపడుతూ తలూపింది.

"నలభై మందికీ ఒకేసారా? నాటకాలండీ ఇవి!"

"అందరినీ తీసెయ్యండి మరి. రేపు మిషన్లు మీరే తొక్కుదురుగాని," అంది వదిన.

నర్సమ్మ తలెత్తలేదు. "వాళ్లు చెప్పిందే రాయాలమ్మా నేను." అవును, అవును అంటూ రాసుకుపోయింది.

చివరికి గుండీల అమ్మాయి వంతు. "మూడో నెల" అంది. అన్ని అబద్ధాల మధ్య ఆ ఒక్క నిజమూ చడీచప్పుడు లేకుండా కలిసిపోయింది.

"ఇక మిగిలింది మీరే," అంటూ నర్సమ్మ మాత్రలు పెట్టిన అరచేయి చాపింది.

సూపర్‌వైజరమ్మ యజమాని గది తలుపుకేసి ఒకసారి చూసి, నర్సమ్మ చెవి దగ్గరకు వంగింది: "నాకు నిజంగానే మూడో నెలండీ... మాత్రలు వద్దు, జాబితాలో మాత్రం లేదని రాసుకోండి."