నార కాని రాయి

ఆ రోజుల్లో ప్రతి ఇంటి గుమ్మానికీ దుమ్ముఅద్దం ఉండేది. గాలిలోని నలుసుల ఆకారం అందులో పెద్దగా కనిపించేది.

కూతురు సునంద కొత్తింట్లో పరిచిన తమ ఊరి కొండరాతి బండలను చూడగానే ఓబుళమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ కొండ గనిలోని రాతినార, అంటే ఆస్‌బెస్టాస్, దుమ్మే ఆమె భర్త ఊపిరితిత్తులను తినేసింది.

“పసిబిడ్డ పాకే ఇంట్లో ఈ బండలేందే?”

“రాయి అదేలేమా. కానీ ఇది నారగా పెరగలేదు. నాయన్ను చంపినవి సన్నటి సూదులు. ఇది పగిలితే మొద్దు పలుకులే రాల్తాయి. అద్దంలో చూడుమా.”

ఓబుళమ్మ అద్దంలో వెతికింది. సూది ఒక్కటీ లేదు. అయినా గుడ్డ తడిపి బండలు తుడవసాగింది.

“నమ్మినాలే. చేతులే ఊరుకోవు,” అంది.

సునంద బిడ్డను ఉయ్యాల్లో వేసి, ఇంకో తడిగుడ్డతో తల్లి పక్కన కూర్చుంది.